ఉప్పు తిన్న గోడ

కూరలో వేసే ఉప్పుకు ఒక గీత ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే అది ఆ తేమను పీల్చుకుని తనంతట తానే నీరైపోతుంది. తేమ అంతకంటే తగ్గితే మళ్ళీ పలుకు కడుతుంది. వానాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం అందరూ చూసేదే. మచిలీపట్నంలో, అంటే బందరులో, ఏడాది పొడుగునా చాలా రోజులు తెల్లవారుజామున గాలి ఈ గీతకు పైనే ఉంటుంది, ఎండ ముదిరాక కిందికి దిగుతుంది. అంటే ఇంటి గోడలో గనక ఉప్పు ఉంటే అది రాత్రి నీరవుతుంది, పగలు పలుకవుతుంది. బీరువా వెనకాల, మెట్ల కింద, స్నానాలగది గోడకు అవతలివైపు, పక్కింటికీ మనకూ మధ్యనున్న సందులో సున్నం ఉబ్బి పెచ్చులు రాలడం ఈ పగలూ రాత్రీ ఆట వల్లే. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు. గోడకూ మినహాయింపు లేదు.

ఆ ఉప్పు ఎక్కడిది? బందరు, గుడివాడ, దివిసీమ మొత్తం కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు మీద కూర్చున్నవి. ఒకప్పుడు సముద్రం ఉన్న చోటే ఈ నేల పేరుకుంది కాబట్టి కొద్ది లోతు తవ్వగానే చాలాచోట్ల ఉప్పునీళ్ళే పడతాయి. అందుకే ఈ ప్రాంతంలో తాగునీటికి బావికన్నా చెరువునీ, చెరువును నింపే కాలువనీ నమ్ముకున్నారు. పైనుంచి తుపానులు సముద్రాన్ని ఊళ్ళ మీదికి తోసుకొస్తాయి. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో 30,000 మంది పోయారని లెక్క. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ మీద అలలు 5 మీటర్ల ఎత్తున వచ్చిపడ్డాయి, దాదాపు పది వేల ప్రాణాలు పోయాయి. ఉప్పెన వెనక్కి పోతుంది గానీ దాని ఉప్పంతా వెనక్కి పోదు. ఇవేవీ లేని మామూలు రోజుల్లో కూడా కెరటాలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర ఆరిపోయి, కంటికి కనపడని ఉప్పు రేణువులై గాలివాటున ఊళ్ళోకి వస్తూనే ఉంటుంది. పశువుల కొట్టం గోడలకు ఇంకో ఉప్పు పడుతుంది: పేడా మూత్రంలోని నత్రజని నేలలోని సూక్ష్మజీవుల చేతిలో నైట్రేట్‌గా మారి గోడెక్కుతుంది. పూర్వం తుపాకిమందుకు సురేకారం గోకి తీసింది ఇలాంటి మట్టి నుంచే.

ఇటుక చూడ్డానికి రాయిలా ఉన్నా లోపల అంతా సన్నటి గొట్టాల వల. దీపం వత్తి నూనెను లాగినట్టు అది పునాదిలోని నీటిని పైకి లాగుతుంది. గొట్టం ఎంత సన్నమైతే నీరు అంత ఎత్తుకు పోతుంది. వ్యాసార్ధం మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉన్న గొట్టంలో లెక్క ప్రకారం 14 మీటర్లు దాటాలి. నిజంగా అలా జరిగితే బందరులో మేడ మీది గదులకూ చెమ్మ రావాలి. రాదు. ఎందుకంటే ఎక్కే నీరు దారిలోనే గోడ ముఖం నుంచి ఆవిరైపోతూ ఉంటుంది. ఎక్కేదీ ఆరేదీ సమానమైన చోట నీటి ప్రయాణం ఆగుతుంది. మామూలు ఇళ్ళలో అది మోకాలికీ నడుముకూ మధ్య ఎక్కడో ఉంటుంది. చెమ్మ పట్టిన గోడను కాస్త దూరం నుంచి చూస్తే అడ్డంగా, వంకరటింకరగా ఒక మరక కనిపిస్తుందే, అదే ఆ సరిహద్దు. నీరు ఆవిరవుతుంది గాని, అది మోసుకొచ్చిన ఉప్పు ఆవిరి కాదు. సరిగ్గా ఆ సరిహద్దు దగ్గరే పోగుపడుతుంది. గోడ అడుగు బాగానే ఉండి మధ్యలో తినేసినట్టు అవడం చాలామందికి వింతగా ఉంటుంది కానీ, అక్కడే కదా ఉప్పు దిగేది.

పలుకు కట్టేటప్పుడు ఉప్పు ఊరుకోదు. ఇరుకు రంధ్రంలో పెరుగుతున్న పలుకు చుట్టూ ఉన్న గోడను నెడుతుంది. ఒక్కసారి నెడితే ఏమీ కాదు. రోజూ కరిగి, రోజూ గడ్డకట్టి, ఏళ్ళ తరబడి నెడితే ఇటుక కూడా పిండైపోతుంది. మన సిమెంటులోనూ మట్టిలోనూ ఉండే సోడియం సల్ఫేటు ఇంకా మొండిది. నీటి అణువులను తనలో కలుపుకుని పలుకు కట్టేటప్పుడు దాని పరిమాణం మూడింతలకు పైగా పెరుగుతుంది. గోడ మీద వేలితో రాస్తే తెల్లటి దూదిలా, సన్నటి మీసాల్లా అంటుకునేది ఇలాంటి ఉప్పే. అది బూజో ఉప్పో తేల్చుకోవడం తేలిక: చిటికెడు తీసి గ్లాసు నీళ్ళలో వేయండి. ఉప్పయితే కరిగిపోతుంది, బూజయితే తేలుతుంది.

చెమ్మ ఎటు నుంచి వస్తోందో తెలుసుకోవడానికి కూడా పెద్ద పరికరాలు అక్కర్లేదు. జానెడు పాలిథిన్ ముక్కను నాలుగువైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేయాలి. ముక్కకు గోడవైపు తేమ పడితే నీరు గోడలోంచి వస్తోందని. గదివైపు పడితే గదిలోని గాలే చల్లటి గోడకు తగిలి నీరవుతోందని. రెంటికీ వైద్యం వేరు. మొదటిదానికి పునాది చూడాలి, రెండోదానికి కిటికీ తీయాలి. బీరువాను గోడకు ఆనించి పెట్టే ఇళ్ళలో రెండోదే ఎక్కువ. నాలుగు వేళ్ళ సందు వదిలితే గాలి ఆడి సగం బెడద పోతుంది.

ఇప్పుడు శుభ్రం చేయడం. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఉప్పు పొంగిన గోడను చూడగానే బకెట్టూ గుడ్డా పట్టుకుంటారు. తడిగుడ్డతో తుడిస్తే తెల్లదనం మాయమవుతుంది, ఇల్లాలికి సంతృప్తిగా ఉంటుంది. కానీ ఉప్పు ఎక్కడికీ పోలేదు, నీళ్ళలో కరిగి మళ్ళీ గోడలోకే ఇంకింది. వారం తిరిగేసరికి ఇంకాస్త పక్కగా తేలుతుంది. చేయవలసింది పొడిగా: ఎండగా ఉన్న రోజు చూసి, కింద పాత పేపరు పరిచి, కొబ్బరిపీచు బ్రష్షుతో మెల్లగా రుద్ది, రాలిన పొడిని పేపరుతో సహా మడిచి ఇంటి బయటికి, చెట్ల మొదళ్ళకు కూడా కాకుండా, చెత్తబండికి వేయాలి. రాలిన ఉప్పును గోడ మొదట్లోకే చీపురుతో నెట్టేస్తే పునాదికి తిరిగి వడ్డించినట్టే.

మరో మందు ఇంకా ప్రమాదం. స్నానాలగదుల కోసం కొట్లలో సీసాల్లో అమ్మే యాసిడ్. టైల్సు మీద తెల్లమరకను అది క్షణంలో పొంగించి తీసేస్తుంది కాబట్టి గోడ ఉప్పుకూ అదే పోస్తారు. యాసిడ్ సున్నాన్నీ సిమెంటునూ తిని కాల్షియం క్లోరైడును మిగులుస్తుంది. మామూలు ఉప్పు 75 శాతం తేమ దగ్గర నీరవుతుందని చెప్పుకున్నాం. ఈ కాల్షియం క్లోరైడుకు 30 శాతం చాలు. బందరు గాలి 30కి దిగడం ఎప్పుడు చూశాం? అంటే ఆ గోడ ఇక ఆరదు. రోజుకోసారి నీరయ్యే ఉప్పును తీయబోయి, రోజంతా నీరుగానే ఉండే ఉప్పును కొని తెచ్చి పోసినట్టయింది. టైల్సు మీది మరక బోరునీటి సున్నపు పొరే అయితే నిమ్మచెక్కో చింతపండు పులుసో చాలు, కాస్త ఓపిక కావాలి అంతే.

గోడకు పైపూతల విషయంలోనూ బుద్ధి తడబడుతుంది. ఉప్పు మరక కనపడకుండా పుట్టీ పెట్టి ఎనామిల్ వేస్తారు. కొందరు నడుమెత్తు దాకా టైల్సే అతికిస్తారు. గోడ ఊపిరాడే దారి మూసేస్తే లోపలి నీరు ఆరదు, ఆరలేదు కాబట్టి ఇంకా పైకి ఎక్కుతుంది. నడుమెత్తున ఉన్న మరక టైల్సు దాటి భుజాల ఎత్తుకు చేరుతుంది. రంగుల కంపెనీ మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. 

పాతవాళ్ళ వెల్ల ఈ పనిని ఇంకోలా చేసేది. వానలు వెనకబట్టి, పంట ఇంటికి చేరే సంక్రాంతి ముందు బూజులు దులిపి, పాత సున్నం గోకి, గుల్లసున్నం కొత్తగా కొట్టేవారు. సున్నపు పూతలో రంధ్రాలుంటాయి కాబట్టి గోడ ఆరుతుంది, ఉప్పు ఇటుకలో కాక పూతలోనే పలుకు కడుతుంది. మరుసటి ఏడాది ఆ పూతను గోకినప్పుడు ఉప్పూ దానితోనే పోతుంది. ఇటుకకు బదులు తాను చచ్చే పూత అన్నమాట. తడి సున్నం క్షారగుణం బూజును కూడా చంపుతుంది. పైసా పెట్టుబడితో ఏటా తిరిగి చేసుకునే ఈ ఏర్పాటును ‘పదేళ్ళ గ్యారంటీ’ రంగుల కోసం వదులుకున్నాం. బందరుకోటలో మిగిలిన పాత ఇటుక కట్టడాలను వెళ్ళి చూస్తే తెలుస్తుంది: 1759లో ఫ్రెంచివాళ్ళ నుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చిన కోట అది. గానుగ సున్నంతో కట్టిన గోడలు అన్ని ఉప్పెనలకూ, అంత ఉప్పుగాలికీ ఇంకా కొంతైనా నిలబడ్డాయి. సున్నపు గోడకు పెచ్చులూడితే దాని మీద గట్టి సిమెంటు ప్లాస్టరు కొట్టడం పెద్ద అన్యాయం. ఆరే దారి పోయి, ఉప్పు మెత్తటి పాత ఇటుకనే తింటుంది.

అసలు నీరు ఎక్కకుండా ఉండాలంటే పునాదికీ గోడకూ మధ్య కాంక్రీటు పొర ఒకటి అడ్డంగా పోయాలి. మేస్త్రీలు డీపీసీ అంటారు. ఈ మధ్య కట్టే ఇళ్ళన్నిటికీ అదో, ప్లింత్ బీమో ఉంటుంది. అయినా చెమ్మ వస్తోందంటే ముందు సందులోకి వెళ్ళి చూడాలి. బందరులోనూ గుడివాడలోనూ వీధి సిమెంటు రోడ్డు మీద మళ్ళీ సిమెంటు రోడ్డు పడి, ఇళ్ళు పల్లంలో పడిపోయాయి. వాననీరు లోపలికి రాకుండా సందులో రబ్బిషు పోసి ఎత్తు చేస్తారు. ఆ మట్టి బేస్‌మట్టం దాటి డీపీసీ పైకి వచ్చేసిందంటే నీరు అడ్డుపొరను ఎక్కి దూకాల్సిన పని లేదు, పక్కనుంచే గోడలోకి నడిచిపోతుంది. గోడ దెబ్బతిన్న చోట పారతో మట్టి తీసి, అడ్డుపొరకు జానెడు దిగువకు తేవడం కొన్ని వేల రూపాయల రసాయనాల కన్నా మేలు చేస్తుంది.

రెండు మూడడుగుల ఈ సందు ఇల్లంతటిలోకీ ఎవరికీ పట్టని చోటు. తుడిచేది పనిమనిషి కాదు, ఇంటివాళ్ళూ కాదు. ఏసీ నీళ్ళు అందులోకే కారతాయి, ఉక్కపోత రోజుల్లో ఒక్కో ఏసీకి బిందెడు. ఆ నీరు దాదాపు డిస్టిల్డ్ వాటరు, గోడ మొదట్లో పడితే సున్నాన్ని మెల్లగా కరిగిస్తుంది. గుడివాడ చుట్టూ నల్లరేగడి నేల కాబట్టి అక్కడ ఇంకో తంటా. తడిస్తే ఉబ్బి, ఎండితే పగుళ్ళిచ్చే నేల అది. కాలువలు కట్టేసే వేసవిలో అది బీటలు వారి, ఇంటి చుట్టూ వేసిన సిమెంటు గట్టుకూ గోడకూ మధ్య వేలు దూరేంత చీలిక ఇస్తుంది. తొలకరి నీళ్ళన్నీ ఆ చీలికలోంచే పునాదికి దిగుతాయి. ఏడాదికోసారి, ఏప్రిల్ మే నెలల్లో, ఆ చీలికను శుభ్రంగా ఊడ్చి తారు గానీ సీలెంటు గానీ నింపితే సరిపోయే పని. ఏసీ గొట్టాన్ని మూరెడు పొడిగించి గోడకు దూరంగా వదిలేయడానికైతే పది నిమిషాలు పట్టదు.

తల పైకెత్తి సజ్జా అడుగు, మెట్ల అడుగు, బాల్కనీ అడుగు చూసేవాళ్ళు మరీ తక్కువ. ఉప్పు అక్కడ కాంక్రీటులోని ఇనుప కడ్డీల జోలికి పోతుంది. సిమెంటు క్షారగుణం కడ్డీ చుట్టూ ఒక పల్చటి రక్షణ పొరను నిలబెడుతుంది. క్లోరైడు ఆ పొరను చీల్చుతుంది, ఇనుము తుప్పుపడుతుంది, తుప్పు అసలు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది, శ్లాబు అడుగు పెచ్చుగా ఊడుతుంది. అందుకే మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కడ్డీ ఉండే కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. సముద్రపు నీటిలో అది 19,000 దాకా ఉంటుంది. మన ఉప్పుబోర్లు ఎక్కడో ఈ రెంటికీ మధ్యన. కోస్తా గాలికి కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలని కూడా అదే పుస్తకం చెబుతుంది, సజ్జాల్లో 15 ఉంటే గొప్ప. సజ్జా కింద గోధుమరంగు గీత కనపడితే పైన సున్నం పూయకండి. మొదట అది కడ్డీకి సమాంతరంగా ఉందేమో చూడండి. ఉంటే మేస్త్రీని పిలవాల్సిందే.

డాబా మీది సంగతులు తొందరగా చెప్పుకుందాం. గోడల మీద కారిన నల్లచారలు మసి కాదు, నీలి ఆకుపచ్చ శైవలాలు. ఎండకు చచ్చినట్టు పడి ఉండి వానచుక్క పడగానే లేస్తాయి. పిట్టగోడ పగుల్లో మొలిచిన రావిమొక్క పిట్టల పెంటలో వచ్చిన విత్తనం, ఈనె అంత ఉన్నప్పుడు పీకితే వేరుతో సహా వస్తుంది, బొటనవేలంత అయ్యాక పగలగొట్టి తీయాలి. టైరులో, కొబ్బరిచిప్పలో, కుండీ కింద పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోస్తే డెంగీ దోమ పోయిందనుకుంటాం. ఆ దోమ గుడ్లను నీళ్ళలో కాదు, నీటి అంచున పాత్ర గోడకు అతికిస్తుంది. పాత్ర ఎండినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీరు తగిలితే పిల్లలవుతాయి. ఆరోగ్యశాఖవాళ్ళ ‘ఫ్రైడే డ్రై డే’ అందుకే వారానికోసారి, అందులోనూ పీచుతో తోమితేనే ఫలం. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి దోమతెర ముక్క కట్టడం మరిచిపోతే మురుగు దోమలు లోపల వేలల్లో పుడతాయి.

దివిసీమకు దిగితే పెరడు పెద్దది, సమస్యా మారుతుంది. అక్కడ ఇంటి వెనక మూల అంటే కట్టెల మోపు, గడ్డివామి, విరిగిన పెంకులు, పాత మంచం. 2018 ఆగస్టులో అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి ఆసుపత్రి నిండిపోయింది. నెలాఖరుకు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి హోమం కూడా చేశారు. హోమం సంగతి హోమానిదే. పాము మాత్రం ఊరికే ఇంటికి రాదు. ఎలుక వెనకాల వస్తుంది, లేదా పొలం నీట మునిగి మెరక వెతుక్కుంటూ వస్తుంది. వడ్ల గింజలు, పందికొక్కు బొరియలు, కట్టెల మోపు కింది చల్లదనం ఒక్కచోట దొరికితే ఇంకెక్కడికి పోతుంది? 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారినప్పుడు లంకల్లో నీరు తీసిన ఇళ్ళన్నిటికీ ఈ భయమే పట్టుకుంది. గుడివాడ పక్క నందివాడ మండలాన్ని అదే సమయంలో బుడమేరు వాగు ముంచింది.

వరద తీసిన ఇంట్లో ఒండ్రు ఎత్తడానికి ఒక క్రమం ఉంది. బురద తడిగా ఉండగానే పారతో ఎత్తాలి, ఎండితే రాయి. చేతికి తొడుగు, కాలికి మోకాలి దాకా బూటు లేకుండా దిగకూడదు: ఎలుకల మూత్రం కలిసిన ఆ నీటిలో లెప్టోస్పిరా క్రిములు చిన్న గాటులోంచే ఒంట్లోకి పోతాయి. బ్లీచింగ్ పౌడరు బురద మీద చల్లితే బురదే దాని శక్తిని తినేస్తుంది, కాబట్టి కడిగాక చల్లాలి. మూతి విప్పిన సంచిని ఏడాదిగా పశువుల పాకలో ఉంచి ఉంటే అందులో క్లోరిన్ పోయి సున్నమే మిగిలి ఉంటుంది. ఒక్క మాట బల్లగుద్ది చెప్పాలి: బ్లీచింగ్ చల్లిన చోట యాసిడ్ పోయకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపేసిన స్నానాలగదిలో అది ప్రాణం తీస్తుంది.

కట్టెల మోపును ఇంటి గోడకు ఆనించకుండా, అడుగెత్తు రాళ్ళ మీద, కింది నేల కనిపించేలా పేర్చితే ఎలుకకూ పాముకూ మరుగు ఉండదు. చేయి పెట్టే ముందు కర్రతో కదిలించడం పాత అలవాటే. ఈ ప్రాంతంలో నీరుకట్టె, జెర్రిపోతు కనిపిస్తే చంపక్కర్లేదు, విషం లేనివి, జెర్రిపోతు ఎలుకలను తిని మేలే చేస్తుంది. భయపడాల్సింది రక్తపింజరకు. 1796లో కోరమాండల్ పాముల మీద పుస్తకం అచ్చువేసిన పాట్రిక్ రస్సెల్ దీనికి తెలుగువాళ్ళు చెప్పిన పేరు కాటుక రేకుల పొడ అని రాసుకున్నాడు. ఇంగ్లీషులో ఇప్పుడు దానికి ఆయన పేరే. కట్లపాము ఇంకో రకం, రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళను కాటేస్తుంది, నొప్పి కూడా ఉండదు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి. అందుకే వానాకాలం మంచం మీద, దోమతెరను పరుపు కిందికి దోపుకుని పడుకోవాలి.

కరిస్తే తాడు బిగించడం, కోయడం, నోటితో లాగడం వద్దు. కరిచిన కాలు కదలకుండా నేరుగా ఆసుపత్రికి. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే శక్తిని చెడగొడుతుంది కాబట్టి అక్కడ డాక్టరు చేసే మొదటి పరీక్ష చాలా చిన్నది: రోగి రక్తం రెండు మిల్లీలీటర్లు గాజు గొట్టంలో తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకుండా కారిపోతే విషం ఎక్కినట్టే, విరుగుడు మందు మొదలుపెడతారు, మామూలుగా తొలి మోతాదే 8 నుంచి 10 వయల్స్. ఆ గొట్టం మాత్రం కొత్తది, పొడిది అయి ఉండాలి. సబ్బుపొడితో కడిగిన గొట్టంలో మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు.